గద్దె దగ్గర తిరిగిన స్టీరింగ్

2024లో వానలు వెనకబట్టిన రోజులవి. ఖమ్మం బైపాస్ రోడ్డు పక్కన ఒక కార్ల వర్క్‌షాపులో నేను డయాగ్నస్టిక్ టెక్నీషియన్‌ని. అంటే బండికి జబ్బు ఎక్కడుందో కనిపెట్టే మనిషిని. విప్పి బాగుచేసే చేతులు వేరే ఉంటాయి. మాది మధిర. ఆటోమొబైల్ డిప్లొమా చేసి కొత్తగా ఈ పనిలోకి వచ్చినప్పుడు, ఆడమనిషి బోనెట్ ఎత్తుతుంటే చూడ్డానికి కస్టమర్లు టీ గ్లాసులు పట్టుకుని వచ్చి నిలబడేవాళ్లు. కొందరు సలహాలు కూడా ఇచ్చేవాళ్లు. ఇప్పుడు ఎవరూ రావడం లేదు. వాళ్లకీ అలవాటైపోయింది, నాకూ అలవాటైపోయింది.

నాకొక చెడ్డ గుణం ఉందని మా సర్వీస్ మేనేజర్ అంటుంటాడు. ‘నో ఫాల్ట్ ఫౌండ్’ అన్న మాట నాకు పడదు. బండిలో లోపమేమీ దొరకలేదని కాగితం మీద రాసి, తాళాలు చేతికిచ్చి పంపెయ్యడానికి మా వృత్తిలో వాడే మాట అది. మనిషి ఊరికే ఖమ్మం దాకా బండేసుకుని రాడు. ఏదో జరిగితేనే వస్తాడు. మనకి దొరకలేదంటే అది మన చేతకానితనం తప్ప అతని అబద్ధం కాదు. ఈ సంగతి మీద మేనేజర్‌కీ నాకూ ఎప్పుడూ పడదు. అతను మంచివాడే, కాకపోతే సాయంత్రానికి షెడ్డు ఖాళీ అయితే చాలు అతనికి.

అసలు కథలోకి వెళ్లేముందు ఈ కొత్త కార్ల గురించి కాస్త చెప్పాలి. ముందు అద్దం వెనకాల, రియర్ వ్యూ అద్దం చాటున, వీటికో కెమెరా ఉంటుంది. అది రోడ్డు మీది తెల్లగీతల్ని చూస్తూ ఉంటుంది. బండి గీత దాటబోతుంటే స్టీరింగ్‌ని తనే కొద్దిగా తిప్పి లోపలికి తెస్తుంది. దాన్ని లేన్ కీప్ అసిస్ట్ అంటారు. స్టీరింగ్ కింద టార్క్ సెన్సర్ అని ఇంకొకటి ఉంటుంది. డ్రైవరు చెయ్యి స్టీరింగ్ మీద ఉందా, ఉంటే ఎంత బలంగా తిప్పుతోంది అన్నది అది కనిపెడుతుంది. మనిషి చెయ్యి గట్టిగా ఉంటే బండి తగ్గుతుంది. మనిషి వదిలేస్తే పెత్తనం బండిది. కాసేపటికి ‘చేతులు పెట్టు’ అని బీప్ కొడుతుంది గానీ, ఆ కాసేపూ స్టీరింగ్ దాని చేతిలోనే ఉంటుంది. ఒక స్టీరింగ్, ఇద్దరు డ్రైవర్లు అని చెప్తాను నేను కస్టమర్లకి. “మా ఇంట్లో కూడా అంతేనమ్మా” అన్నాడొకాయన, పక్కన వాళ్లావిడ ఉండగానే. ఆవిడ చూసిన చూపుకి ఆయన మళ్లీ మాట్లాడలేదు.

ఒకరోజు ఉదయం సత్తుపల్లి నుంచి సూర్యనారాయణ గారని ఒక పెద్దమనిషి వచ్చాడు. జామాయిల్ తోటలు కొని, కర్ర కొట్టించి మిల్లుకు తోలే వ్యాపారం ఆయనది. వాళ్ల తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం. భద్రాచలం అవతల చర్ల వైపు తోటలు చూసుకోడానికి తరచూ ఆ అడవి దారిన పోతుంటారు. కొత్త కారు.

“చూడమ్మా, స్టీరింగ్ ఎడంపక్కకి లాగుతోందంటాడు మా డ్రైవరు. నేను నడిపితే ఏమీ లేదు. కునుకు తీస్తున్నాడేమోనని నా అనుమానం. మీ కంప్యూటర్లో అదేమన్నా తెలుస్తుందా?” అన్నాడు.

“మనిషి నిద్ర కంప్యూటర్‌కి తెలియదండీ. బండి సంగతి చూస్తాను” అన్నాను.

డ్రైవరు పేరు ఎర్రయ్య. యాభై దాటిన మనిషి. దూరంగా మంచినీళ్ల క్యాన్ పక్కన నిలబడి ఉన్నాడు. వాళ్లది చర్ల దారిలో లోపలికి ఉన్న ఒక కోయగూడెం. యజమాని ఫోన్ మాట్లాడుతూ బయటికి వెళ్లాక దగ్గరికి పిలిచాను. అయినా గొంతు తగ్గించే మాట్లాడాడు.

“నేను తాగలె మేడం. నిద్ర గూడ పోలె.”

“నేనట్లా అన్లేదు కదా. ఎక్కడ లాగుతుంది, ఎప్పుడు లాగుతుంది, అది చెప్పు.”

“అన్ని జాగల గుంజదు మేడం. మా ఊరికీ భద్రాచలానికీ నడుమ అమ్మ గద్దె ఉంటది, ముత్యాలమ్మది. గాడనే. పొయ్యేటప్పుడు ఏం గాదు. ఊరు ఇడిసి వచ్చేటప్పుడే. గద్దె కాడికి రాంగనే బండి అమ్మ దిక్కు తిరుగుతది.”

“అంటే నువ్వు తిప్పకుండానే?”

“అవ్ మేడం. నేను తిప్పలె.”

ఒకసారి కాదు, ఆ మధ్య ఆ దారిన వచ్చినప్పుడల్లా అయిందట. కిందటిసారి గద్దె దగ్గర కొబ్బరికాయలు అమ్ముకునే ముసలామెకి జానెడు దూరంలో ఆగిందట బండి. ఆమె లేవలేదు, అరవలేదు. కూర్చున్నచోటే కూర్చుని, అమ్మకి నీతో ఏదో పని పడింది చూసుకో అన్నదట. అప్పటి నుంచి ఎర్రయ్యకు అన్నం సయించడం లేదు.

నేను నవ్వేసేదాన్నే. కానీ అతను తర్వాత చెప్పిన మాటకి నవ్వు ఆగిపోయింది.

“నా బిడ్డకు నెలలు నిండినయ్ మేడం. లలిత దాని పేరు. మొదటి కానుపుకు అంబులెన్స్ కోసం సూసుకుంట కూసున్నం. వాగు పొంగి అది ఆడనే ఆగింది. పిల్ల దక్కలె. ఈసారి సారు బండి తీస్కపొమ్మన్నడు. ఇయ్యాల్నో రేపో నొప్పులు వస్తయ్. గద్దె ముంగట్నుంచే దవాఖానకు తీస్కపోవాలె. వేరే తొవ్వ లేదు.” బండి వైపు చూశాడు. “నా బిడ్డను గీ బండిల ఎక్కియ్యాల్నా, వద్దా? గదొక్కటి చెప్పుండ్రి.”

ఇన్నేళ్లలో నన్నెవరూ అట్లాంటి ప్రశ్న అడగలేదు. మైలేజి ఎందుకు తగ్గింది, ఏసీ ఎందుకు చల్లబడదు, ఇవే అడుగుతారు.

స్కానర్ పెట్టి చూస్తే ఒక్క ఫాల్ట్ కోడ్ లేదు. వీల్ అలైన్‌మెంట్ సరిగ్గా ఉంది. స్టీరింగ్ మోటార్ బాగుంది. కెమెరా ముందు గళ్లబోర్డు నిలబెట్టి దాని చూపు సరిచూసే పని ఒకటుంటుంది, క్యాలిబ్రేషన్ అంటాం. అది కూడా చేశాను. కెమెరా చూపులో దోషం లేదు. మేనేజర్ వచ్చి నా భుజం మీదుగా తెర చూసి, “ఇంకేం, డెలివరీ ఇచ్చెయ్” అన్నాడు.

“అమ్మవారు తిప్పుతోందంటున్నాడు. జాబ్ కార్డులో ఏం రాయమంటావ్?” అన్నాను.

“నో ఫాల్ట్ ఫౌండ్ అని రాయి.”

అది విన్నాక ఇక నేను ఆగే ప్రశ్నే లేదు. రోడ్ టెస్ట్‌కి వెళ్తానన్నాను. భద్రాచలం దాటి రోడ్ టెస్టేమిటని అతను నెత్తి కొట్టుకున్నాడు. సూర్యనారాయణ గారు మాత్రం వెళ్లిరమ్మన్నారు. డ్రైవర్ మీద కోపం ఉన్నా, అతని కూతురి సంగతి ఆయనకీ తెలుసు.

మర్నాడు పొద్దున బయల్దేరాం. ఎర్రయ్య నడుపుతున్నాడు, పక్క సీట్లో నేను, ఒళ్లో ట్యాబ్. స్కానర్ తగిలించి ఉంచాను కాబట్టి డ్రైవర్ చేతి బలం ఒక గీతగా, స్టీరింగ్ తిరుగుడు ఒక గీతగా కదులుతూ కనిపిస్తున్నాయి. కొత్తగూడెం, పాల్వంచ దాటేదాకా మాట్లాడుతూనే ఉన్నాడు. గోదావరి వంతెన దాటి చర్ల దారి పట్టాక మాటలు తగ్గాయి. అడవి దగ్గరపడ్డాక పూర్తిగా మానేశాడు. ఫోన్లో సిగ్నల్ పోయింది. రోడ్డుకి రెండు వైపులా టేకు చెట్లు. ఆకులు పెద్దవి, తడిసి బరువెక్కి వేలాడుతున్నాయి. గాలి లేదు. కొత్తగా వేసిన తారురోడ్డు, అంచుల్లో తెల్లగీతలు, నడుమ ఒక గీత. ఎదురుగా ఒక్క బండి రావడం లేదు. ఇంజను చప్పుడు కూడా ఎవరికో వినపడకుండా పోతున్నట్టు తగ్గి వినిపించింది నాకు. భయపడే రకం కాదు నేను. కానీ ఆ దారిలో ఏసీ తగ్గించమని అడిగాను, ఒళ్లు చల్లబడుతోందని.

గద్దె వచ్చింది. కుడిచేతి వైపు ఉంది. మట్టితో అలికిన చిన్న అరుగు, మీద రెండు రాళ్లు, పసుపు, కుంకుమ. పక్కన ముసలామె. ఆమె మా బండిని చూసింది. బండి ఎప్పట్లా దాటిపోయింది.

“పొయ్యేటప్పుడు ఏం గాదని చెప్పిన గద” అన్నాడు ఎర్రయ్య, నేనేమీ అడక్కుండానే.

వాళ్ల ఊళ్లో లలితను చూశాను. వాకిట్లో మంచం మీద కూర్చుని బొబ్బర్లు వలుస్తోంది. సన్నటి మనిషి, కడుపు మాత్రం ఆమెకి మించి ఉంది. నాకు నీళ్లిచ్చి, వాళ్ల నాన్న అవతలికి వెళ్లగానే అడిగింది.

“బండికి ఏమైంది మేడం? నాయిన నాకు చెప్తలేడు. తింటలేడు, పండుకుంటలేడు.”

“చూస్తున్నాం. ఏం కాదు” అన్నాను.

“ఏం గాదని ఆయన గూడ అంటుండు” అంది. ఆమె నన్ను నమ్మలేదు. నా మాట నాకే నమ్మకంగా లేదు, ఆమెని అని ఏం లాభం.

తిరుగు ప్రయాణంలో గద్దె ఎడంచేతి వైపుకి వస్తుంది. దూరం నుంచి అరుగు కనబడగానే ఎర్రయ్య స్టీరింగ్‌ని ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే చేతి నరాలు తేలాయి. ట్యాబ్‌లో అతని చేతి గీత పైకి లేచి నిలబడింది. బండి కదల్లేదు, మెదల్లేదు. మలుపు తీసుకుని మామూలుగా దాటిపోయాం. నాకు చిరాకొచ్చింది. ఇంత దూరం వచ్చింది దీనికా అనిపించింది. మేనేజర్ మొహం కళ్ల ముందు కదిలింది.

ఎర్రయ్య కొంత దూరం పోయి బండి ఆపాడు. మొహమంతా చెమట.

“తప్పయింది మేడం. మొక్కకుంట వచ్చిన.”

“అంటే?”

“భయానికి స్టీరింగ్ ఇడ్వలె. వచ్చినప్పుడల్ల మొక్కుత. ఇయ్యాల మొక్కలె. మల్ల పోదాం మేడం, జర మొక్కి వద్దాం.”

అప్పటికి కూడా నాకు వెలగలేదు. సరే పద అన్నాను. వెనక్కి వెళ్లి, గద్దె దాటి, ఇంకొంచెం పైన వెడల్పాటి చోట బండి తిప్పుకుని మళ్లీ వచ్చాం. ఈసారి మెల్లగా పోనిమ్మని, కాలు బ్రేకు మీదే ఉంచమని చెప్పాను. గద్దె దగ్గరపడింది. ఎర్రయ్య రెండు చేతులూ స్టీరింగ్ మీంచి తీసి, నుదుటి దాకా ఎత్తి, కళ్లు మూసి మొక్కాడు.

స్టీరింగ్ తిరిగింది.

జెర్క్ లేదు, తడబాటు లేదు. దారి తెలిసిన మనిషి తిప్పినట్టు నెమ్మదిగా, నిండుగా ఎడంపక్కకి తిరిగింది. వర్క్‌షాపులో బండిని లిఫ్ట్ మీద పెట్టి స్టీరింగ్ తనంతట తాను తిరగడం నేను ఎన్నోసార్లు చూశాను. దాన్ని చూసి టీ తాగుతూ కబుర్లు చెప్పుకుంటాం. ఇక్కడ, ఆ చెట్ల మధ్య, మనిషి చేతులు గాల్లో ఉండగా అది తిరుగుతుంటే నిజంగా భయం వేసింది. కళ్లు ట్యాబ్ మీదికి తిప్పుకున్నాను. డ్రైవర్ చేతి గీత కిందికి పడిపోయి సున్నా మీద ఉంది. స్టీరింగ్ గీత మాత్రం ఎక్కుతోంది. ఎడమ చక్రాలు తారు దిగి కంకర మీద పడ్డాయి.

“బ్రేక్!” అని అరిచాను. ఆగింది.

అద్దంలోంచి ముందుకు చూస్తే ముసలామె. ఆమె వెనక గద్దె, గద్దె వెనక ఏటవాలుగా వాగులోకి దిగే నేల. ఆమె లేవలేదు. చేతులు జోడించి, బండి వంక చూస్తూ, వాళ్ల కోయ భాషలో ఏదో అన్నది. చాలా మామూలుగా, చుట్టాన్ని పలకరించినట్టు అన్నది.

“ఏమంటోంది?” అన్నాను.

“‘వచ్చినవా’ అంటుంది మేడం.”

“నిన్నా?”

“నన్ను గాదు. బండిని.”

నాకు భయం వేస్తే ఆ తర్వాత కోపం వస్తుంది. ఆ కోపమే నన్ను బండి దింపింది. చుట్టూ తిరిగి చూశాను, ఏమీ లేదు. మళ్లీ లోపలికెక్కి, రెండు సీట్ల మధ్య మోకాళ్ల మీద నిలబడి, తల అద్దానికి ఆనించి, సరిగ్గా కెమెరా ఉన్నచోట కన్ను పెట్టాను. ఎర్రయ్య నన్ను వింతగా చూస్తున్నాడు. బండిని కాస్త కాస్తగా వెనక్కి తీసుకుపొమ్మన్నాను.

అక్కణ్నించి కనపడింది. రోడ్డు అంచున తెల్లగీత గద్దె దగ్గరకొచ్చేసరికి లేదు. పశువులు దిగేచోటు అది, ట్రాక్టర్లు తిరిగేచోటు. గీత అరిగి, మట్టి కప్పేసి ఉంది. అది ఆగిపోయిన చోటే గద్దెకి వెళ్లే బాట మొదలవుతుంది. బాట అంచున వరుసగా రాళ్లు పాతి ఉన్నాయి, వాటికి తెల్లగా సున్నం వేశారు. మనిషి ఎత్తు నుంచి చూస్తే అవి రాళ్లు. కెమెరా ఉన్నచోటు నుంచి చూస్తే రోడ్డు గీతే నెమ్మదిగా వంపు తిరిగి గద్దె దగ్గరికి పోతోంది.

“ఈ సున్నం ఎప్పుడు వేశారు?” అన్నాను.

“కొత్తల పండుగకు ఏసిన్రు మేడం. కొత్త పంట తినే ముందు అమ్మకు పెడ్తం గద, అప్పుడు ఏస్తరు.”

“బండి తిరగడం ఎప్పుడు మొదలైంది?”

ఎర్రయ్య ఆలోచించాడు. “పండుగ ఎన్కనే” అన్నాడు మెల్లగా.

మరి తన బండే ఎందుకు అని అడిగాడు. ఆ దారిన తిరిగే జీపులకీ ఆటోలకీ కెమెరా లేదని చెప్పాను. సూర్యనారాయణ గారు నడిపినప్పుడు ఎందుకు తిరగలేదంటే, ఆయన మొక్కడు. మొక్కినా మనలో చాలామంది ఒక చేత్తో కళ్లకద్దుకుని పోతారు, రెండో చెయ్యి స్టీరింగ్ మీదే ఉంటుంది. ఆ చెయ్యి ఉన్నంతసేపూ బండి దానికి లోబడి ఉంటుంది. ఈయన రెండూ ఎత్తాడు.

“ఒక్క చేత్తో మొక్కుడు ఏందో మేడం. గదేం మొక్కుడు?” అన్నాడు ఎర్రయ్య.

రుజువు కోసం ముందు వరస రాళ్ల మీద టేకు ఆకులు కప్పుదామన్నాను. ఎర్రయ్య వెళ్లి ముసలామెని అడిగాడు. ఆమె నోరంతా తెరిచి నవ్వింది, తనే లేచి వచ్చి ఆకులు పరిచింది. మళ్లీ వెనక్కి వెళ్లి వచ్చాం. ఎర్రయ్య చేతులెత్తి మొక్కాడు. స్టీరింగ్ ఈసారి నడిమి గీత చూసుకుని, మలుపు ఎటుందో అటు, కుడికి తిరిగింది. తారు దిగలేదు. చప్పట్లు కొట్టానో ఏమో, సరిగ్గా గుర్తులేదు.

ఎర్రయ్య మొహంలో మాత్రం తేటదనం లేదు.

“ఆకులు కప్పితే అమ్మ కండ్లు కప్పినట్టే గద మేడం” అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఇంత చేసి చూపించాక కూడానా! అద్దం వెనక కెమెరా చూపించి, ట్యాబ్‌లో గీతలు చూపించి, మొదట్నించి మళ్లీ చెప్పాను. అతను ప్రతి మాటకీ అవ్ మేడం, అవ్ మేడం అన్నాడు. మనం చెప్పింది నమ్మకపోతే అలా అనరు, నమ్మినా అలా అనరు. అన్నీ విని, తనకి కావలసిన ఒక్కమాట కోసం ఎదురుచూసే మనిషి అనే మాట అది.

“ఎక్కించు. నీ కూతుర్ని ఈ బండిలో ఎక్కించు. ఒకటే, ఇక్కడ స్టీరింగ్ వదలకు” అన్నాను.

“కడుపుతోటి ఉన్న బిడ్డను ఎక్కించుకొని అమ్మకు మొక్కకుంట పోవాల్నా?”

“అయితే ఆపి, దిగి, మొక్కి వెళ్లు.”

తల అడ్డంగా ఊపాడు. “కడుపుతోటి ఉన్నోళ్లను అమ్మ ముంగట ఆపరు మేడం. పొయ్యే బండి పోవాలె. పోవుకుంటనే మొక్కాలె. మా తాన గట్లనే.”

ఇక్కడ నా చదువు అయిపోయింది. బండి సంగతి నాకు తెలుసు, వాళ్ల అమ్మ సంగతి నాకు తెలియదు. సున్నం గీకెయ్యమని అడగడానికి నోరు రాలేదు. చివరికి స్టీరింగ్ పక్కనున్న బటన్ చూపించాను. దాన్ని నొక్కి పట్టుకుంటే లేన్ కీప్ ఆగిపోతుంది, మీటర్ల దగ్గర పచ్చలైటు ఆరిపోతుంది. చిక్కేమిటంటే ఇంజను ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే అది తనంతట తాను మళ్లీ వచ్చేస్తుంది. ఈ మోడల్ తీరే అంత. కాబట్టి బండి తీసిన ప్రతిసారీ నొక్కాలని, లైటు ఆరిందో లేదో చూసుకోవాలని చెప్పాను. అతని చేతే పదే పదే చేయించాను. బండి దానంతట అది తిరగకపోయినా, చేతులు వదిలితే మలుపులో ఎటు పోతుందో చెప్పలేమని కూడా చెప్పాను. విన్నాడు. మేం బయల్దేరేటప్పటికి ముసలామె రాళ్ల మీది ఆకులు ఒక్కొక్కటీ తీసేస్తోంది.

సూర్యనారాయణ గారికి ఫోన్ చేసి మీ డ్రైవర్ నిద్రపోలేదండీ అని చెప్పాను.

“మరేం చేశాడమ్మా?”

“మొక్కాడండీ.”

“నేను ఇన్నేళ్లుగా ఆ దారిన పోతూ ఒక్కసారీ మొక్కలేదు” అన్నాడాయన. అప్పటి నుంచి ఆయన అక్కడ కొబ్బరికాయ కొట్టి గానీ ముందుకి పోవడం లేదని ఎర్రయ్యే చెప్పాడు. జాబ్ కార్డులో నేను రెండు పేజీలు రాశాను. మేనేజర్ చదివి, ఇది కథల పుస్తకమా అన్నాడు గానీ చింపెయ్యలేదు.

ఆ తర్వాత చాలారోజులు ఆ స్టీరింగ్ తిరగడం కళ్లకి కడుతూ ఉండేది. కారణం దొరికింది కాబట్టి భయం పోవాలి కదా. పోలేదు. ఆ తిరుగుడులో ఉన్న నెమ్మదే నన్ను వదల్లేదు. ఇంట్లో గిన్నెలు కడుగుతుంటే కూడా గుర్తొచ్చేది.

చలికాలంలో ఎర్రయ్య సర్వీసుకి బండి తెచ్చాడు. వెనక సీట్లోంచి లలిత దిగింది, పొత్తిళ్లలో పిల్ల. ఆడపిల్ల. ఖమ్మంలో పిల్లల డాక్టర్‌కి చూపించడానికి తెచ్చారట. పిల్ల బాగుంది, ఊరికే చూపించుకోడానికి. నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను. షెడ్డులో అందర్నీ పిలిచి చూపించాను. మేనేజర్ కూడా వచ్చి పిల్ల బుగ్గ ముట్టుకుని వెళ్లాడు.

కస్టమర్లు కూర్చునే గదిలో టీ ఇప్పించి, ఆ రోజు ఎలా వెళ్లారో చెప్పమన్నాను. ఎర్రయ్య కూతురి వైపు చూశాడు. లలిత చెప్పింది.

“పొద్దుగాల నొప్పులు మొదలైనయ్ మేడం. ఎనక కూసుంటే ఊపుతుందని ముంగట కూసున్న. అవ్వ ఎనక కూసుంది. గద్దె దగ్గరికొస్తుంటే నాయిన మొక్కుదామా వద్దా అని చూస్తుండు. అప్పటికి నాకు సంగతంత చెప్పిన్రు. నాయినా, నువ్వు మొక్కు, స్టీరింగ్ నేను పట్టుకుంట అన్న.”

పక్క సీట్లోంచి కుడిచెయ్యి చాపి స్టీరింగ్ పట్టుకుందట. నొప్పులతో ఉన్న పిల్ల. ఎర్రయ్య రెండు చేతులూ ఎత్తి మొక్కాడట.

“పట్టుకున్న గద మేడం, అమ్మ దిక్కు గుంజింది. గట్టిగ గాదు. సంటిపిల్ల కొంగు పట్టి గుంజినట్టు.” పొత్తిళ్లు సర్దుకుంది. “నేను గూడ నాయిన దిక్కు నూకిన. పోనియ్యి తల్లీ, మల్ల వస్త అన్న. ఇడిసిపెట్టింది.”

“అది మోటార్ అమ్మా. బండి తిప్పబోయింది, నీ చెయ్యి తగిలేసరికి తగ్గింది. అంతే” అన్నాను. నాకు అలవాటైన జవాబే.

ఎర్రయ్య టీ గ్లాసు కింద పెట్టాడు.

“బటన్ బంద్ జేసిన గద మేడం. మీరు చెప్పినట్టే, ఇంటికాడ కదిలేటప్పుడే నొక్కిన. లైటు ఆరింది. నేను చూసిన, మా ఇంటామె గూడ చూసింది.”

లలిత నా వైపే చూస్తోంది. పిల్ల నిద్రపోతోంది.

నా దగ్గర ఒక ప్రశ్న ఉంది. దారిలో ఎక్కడైనా ఇంజను ఆపారా అని. వాగు దగ్గర నీళ్లు చూసుకోడానికి ఆపి ఉండొచ్చు, నొప్పి ఎక్కువైందని ఆపి ఉండొచ్చు. ఆపి మళ్లీ స్టార్ట్ చేసి ఉంటే లేన్ కీప్ తిరిగి వచ్చి ఉంటుంది. అవునంటే అంతటితో సరి. లేదంటే ఏమిటన్నది మాత్రం నేను ఆలోచించలేదు. ఆ ప్రశ్న నోటి దాకా వచ్చింది.

అప్పటి నుంచి స్టీరింగ్ కంప్లయింట్‌తో ఎవరొచ్చినా స్కానర్ తియ్యకముందే ఒక మాట అడుగుతున్నాను, ఆ సమయంలో మీ చేతులు ఎక్కడున్నాయి అని. ఎర్రయ్య బండి నేర్పిన పాఠం అది. చాలా కేసులు ఆ ఒక్క ప్రశ్నతోనే తేలిపోతున్నాయి. కొత్తగా చేరిన టెక్నీషియన్లకి కూడా అదే చెప్తున్నాను, అడగాల్సింది ఏదీ అడక్కుండా వదలొద్దని.

లలితని మాత్రం అడగలేదు. పిల్లకి ఏం పేరు పెట్టారని అడిగాను.